వార్డుల దాకా వెళ్ళే సైకియాట్రీ: జనరల్ ఆస్పత్రిలో లయజన్ సేవ మొదలుపెట్టడం ఎలా

జిల్లా ఆస్పత్రిలోనో బోధనాస్పత్రిలోనో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. బోర్డు ఉంటుంది, డాక్టర్ ఉంటారు, బయట బెంచీ మీద జనం ఉంటారు. కానీ ఆ రోజు ఆ ఆస్పత్రిలో మానసిక వైద్యం అవసరమైన వాళ్ళలో చాలామంది ఆ గది దాకా రాలేరు. పురుగుల మందు తాగి ఏఎంసీలో (అక్యూట్ మెడికల్ కేర్ వార్డులో) ఉన్న కుర్రాడు, తుంటి ఆపరేషన్ అయిన మూడో రాత్రి గోడ మీద చీమలు పాకుతున్నాయంటూ సెలైన్ పీకేసుకుంటున్న మేస్త్రి, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వస్తూ మెల్లగా మాట్లాడటమే మానేసిన ఉద్దానం రైతు, కాన్పయిన వారానికి కంటి మీద కునుకు లేక బిడ్డను దగ్గరికి రానివ్వని తల్లి. వీళ్ళంతా వేరే డిపార్ట్‌మెంట్ల పేషెంట్లు. వాళ్ళ మంచం దగ్గరికే వెళ్ళి, ఆ వార్డు డాక్టర్లతో, సిస్టర్లతో కలిసి చూసే ఏర్పాటునే లయజన్ సైకియాట్రీ అంటున్నాం.

మన దేశంలో జనరల్ ఆస్పత్రికి సైకియాట్రీ కొత్త కాదు. ఇప్పుడు ఆర్.జి.కర్ అని పిలుస్తున్న, కలకత్తాలోని అప్పటి కార్మైకేల్ మెడికల్ కాలేజీలో గిరీంద్రశేఖర్ బోస్ 1933లోనే ఆ విభాగం తెరిచారు. తొంభై ఏళ్ళు దాటినా చాలాచోట్ల అది తన గదిలోనే కూర్చుని ఉంది. పిలిస్తే వెళ్తుంది, పిలవకపోతే లేదు.

ఇక్కడ రాస్తున్నది ఆ పని నెత్తినేసుకోబోయే సైకియాట్రిస్టు కోసం, దానికి ఆర్డరు ఇవ్వాల్సిన సూపరింటెండెంట్ కోసం. కొత్త వార్డు, కొత్త పోస్టులు వచ్చాక చూద్దామనుకుంటే ఇది ఎప్పటికీ మొదలవదు. ఒక ఫోన్ నంబరు, ఎంతసేపట్లో వస్తామన్న మాట, మూడు ప్రోటోకాళ్ళు (ఏ కేసులో ఏం చేయాలో రాసిపెట్టుకున్న నియమాలు) ఉంటే చాలు, మొదలుపెట్టొచ్చు.

1. ముందు రిజిస్టర్లు తిరగేయండి

ప్రపోజల్ రాయడానికి ముందు గడిచిన మూడు నెలల క్యాజువాలిటీ రిజిస్టర్, ఎంఎల్‌సీ (పోలీసులకు చెప్పాల్సిన మెడికో లీగల్ కేసుల) రిజిస్టర్ తెచ్చుకుని కూర్చోండి. విషం కేసులు ఎన్ని, ఉరి కేసులు ఎన్ని, వాటిలో సైకియాట్రీకి వచ్చినవి ఎన్ని అన్నది లెక్కేయండి. తర్వాత లామా (డాక్టర్ వద్దన్నా సొంత బాధ్యత మీద వెళ్తున్నామన్న కాగితం) రాసి వెళ్ళిపోయినవాళ్ళు, చెప్పకుండా పోయినవాళ్ళు. సర్జరీ, ఆర్థో వార్డుల్లో ఈ రెండో జాబితాలో చాలామంది తాగుడు ఆగిపోయిన వణుకుతో పారిపోయినవాళ్ళే అయ్యుంటారు. కేస్ షీట్‌లో మాత్రం 'పేషెంట్ కోఆపరేట్ చేయలేదు' అని ఉంటుంది.

తర్వాత వార్డులకి వెళ్ళి హెచ్ఓడీల కంటే ముందు నైట్ డ్యూటీ సిస్టర్లతో మాట్లాడండి. 'మీకు సైకియాట్రీ కావాలా' అని అడిగితే ఎవరైనా మొహమాటానికి కావాలనే అంటారు. 'పోయిన వారం మిమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టిన పేషెంట్ ఎవరు సిస్టర్?' అని అడగండి. వచ్చే జవాబుల్లోంచే మీ సర్వీసు ఎక్కడ మొదలవాలో తెలుస్తుంది. అన్ని వార్డులనూ ఒకేసారి పట్టుకోకండి. క్యాజువాలిటీ, ఏఎంసీ, ఇంకొక్క వార్డు చాలు.

2. సూపరింటెండెంట్ సంతకంతో ఒక పేజీ ఆర్డరు

నోటిమాట మీద నడిచే సర్వీసు మీరు బదిలీ అయిన రోజే ఆగిపోతుంది. ఆర్డరులో ఉండాల్సినవి ఇవి: కాల్ ఎవరికి చేయాలి, ఏ నంబరుకి, ఎంతసేపట్లో వస్తారు, రాత్రి ఎవరు, జవాబు ఎక్కడ రాస్తారు. అంతే. ఆశయాలు, ఉపోద్ఘాతం అక్కర్లేదు.

టైమ్ విషయంలో బ్రిటన్‌లో 'కోర్ 24' అనే కొలమానం ఉంది. రోజంతా టీమ్ అందుబాటులో ఉండి, క్యాజువాలిటీ కాల్‌కి గంటలో, వార్డు కాల్‌కి 24 గంటల్లో చేరాలి. లక్ష్యంగా గోడ మీద అంటించుకోవడానికి బాగుంటుంది. ఒక్క సైకియాట్రిస్టు ఉన్న జిల్లా ఆస్పత్రిలో ఆ మాట ఇస్తే మాత్రం రెండో వారానికే పోతుంది. పగలు క్యాజువాలిటీకి రెండు గంటల్లో, మధ్యాహ్నం 12 లోపు వచ్చిన వార్డు కాల్‌కి అదే రోజు, రాత్రి ఫోన్ మీద సలహా. ఇది నిలబెట్టుకోగలిగిన మాట. మెడికల్ కాలేజీ అయితే పీజీలు ఉంటారు కాబట్టి రాత్రి కూడా మనిషిని పంపొచ్చు. కానీ ఫస్ట్ ఇయర్ పీజీని ఒంటరిగా పంపి, తెల్లారేదాకా ఎవరూ ఫోన్ ఎత్తకపోతే ఆ సర్వీసు ఉన్నా లేనట్టే.

టీమ్‌కి మనుషులు లేరంటారు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, సోషల్ వర్కర్, నర్సు పోస్టులు ఉంటాయి. అన్నీ నిండి ఉండవు, ఉన్నవాళ్ళు క్యాంపులకు తిరుగుతుంటారు. వారంలో రెండు పూటలు వాళ్ళని వార్డు రౌండుకి కట్టండి. మరీ ముఖ్యంగా సోషల్ వర్కర్‌ని. విషం కేసులో కుటుంబంతో గంట కూర్చోవడం డాక్టర్ కంటే వాళ్ళే బాగా చేస్తారు.

3. కాల్ ఫారం మార్చండి, జవాబు రాసే పద్ధతి కూడా

'సైకియాట్రీ ఒపీనియన్ ప్లీజ్' అని ఒక్క ముక్క రాసి పంపే అలవాటు అన్ని ఆస్పత్రుల్లోనూ ఉంది. దాంతో ఏం చేయమంటారో తెలియదు. ఫారంలో నాలుగు గడులు పెట్టండి: ఏం చూసి పిలిచారు, ఎప్పటి నుంచి, ఏ ప్రశ్నకి జవాబు కావాలి, పేషెంట్‌కి ముందే చెప్పారా. చివరిది చిన్నదిగా కనిపిస్తుంది కానీ అదే అన్నిటికంటే ముఖ్యం. చెప్పకుండా పంపితే, మీరు మంచం దగ్గర పేరు చెప్పగానే 'నాకేమైనా పిచ్చా?' అన్న గొడవతోనే సగం టైమ్ పోతుంది.

ఇక మన వైపు. రెండు పేజీల మెంటల్ స్టేటస్ రాసి చివర్లో మందు పేరు రాస్తే సర్జన్ చదవరు. పై మూడు లైన్లలో ఉండాల్సింది: సమస్య ఏంటి, ఈ రాత్రి ఏం చేయాలి, మళ్ళీ ఎప్పుడు వస్తాం. వివరాలు కింద రాసుకోండి. రాశాక పిలిచిన డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పండి, వెళ్ళేముందు డ్యూటీ సిస్టర్‌కి చెప్పండి. కేస్ షీట్‌లో రాసి చల్లగా వెళ్ళిపోతే అది ఒపీనియన్ అవుతుంది కానీ లయజన్ అవదు.

4. మొదటి ప్రోటోకాల్: ఆత్మహత్యాయత్నం

మన జనరల్ ఆస్పత్రుల్లో లయజన్ సేవకి అసలు ప్రాణం ఇక్కడే ఉంది. 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ప్రయత్నించి బతికినవాళ్ళు అంతకు ఎన్నో రెట్లు. వాళ్ళలో ఎక్కువమంది ఏదో ఒక క్యాజువాలిటీ గుమ్మం తొక్కుతారు. కడుపు కడిగి, విరుగుడుగా ఆట్రోపిన్ పెట్టి, తేరుకున్నాక ఇంటికి పంపేస్తే వైద్యంలో సగం కూడా కానట్టే.

నియమం ఇలా పెట్టండి: విషం తాగినా, ఉరి వేసుకున్నా, కాల్చుకున్నా, కోసుకున్నా, సైకియాట్రీ చూడకుండా డిశ్చార్జ్ లేదు. మెడికల్‌గా పూర్తిగా ఫిట్ అయ్యేదాకా ఆగక్కర్లేదు, స్పృహ వచ్చి మాట్లాడగలిగితే చాలు. ఎందుకంటే లామా అడిగేది ఆ రెండు మూడు రోజుల్లోనే. మంచం విషయంలోనూ పట్టుబట్టండి: నర్సింగ్ స్టేషన్‌కి దగ్గరగా, కిటికీకి, బాల్కనీకి దూరంగా, పక్కన ఎప్పుడూ ఒక మనిషి. ఫినాయిల్ డబ్బాలు మంచాల కింద పెట్టే అలవాటు మాన్పించండి.

మొదటి అడ్డంకి కుటుంబం చెప్పే కథ. 'దగ్గు మందనుకుని పొరపాటున తాగాడు సార్.' కేసవుతుందని, పరువు పోతుందని భయం. అప్పుడు చట్టం తెలిసి ఉండాలి. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఆ మనిషికి వైద్యం, పునరావాసం అందించే బాధ్యత ప్రభుత్వానిది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 కూడా 2024 జూలై 1తో పోయింది. కొత్త న్యాయ సంహితలో ఉన్న 226వ సెక్షన్, ప్రభుత్వోద్యోగిని విధి చేయనివ్వకుండా ఒత్తిడి తేవడానికి ఆత్మహత్యాయత్నం చేసిన సందర్భానికి మాత్రమే. ఎంఎల్‌సీ రాయడం, పోలీసులకు సమాచారం ఇవ్వడం మామూలుగానే జరుగుతాయి. అదంటే జైలు కాదని ఇంటివాళ్ళకి అర్థమయ్యే మాటల్లో చెప్పండి. ఆ మాట విన్నాక చాలా ఇళ్ళల్లో అసలు సంగతి బయటికొస్తుంది: అప్పు, పంట, పెళ్ళి, పరీక్ష, తాగుడు, కొట్టడం.

పేషెంట్‌ని ఒంటరిగా మాట్లాడించండి. వార్డులో అది అంత తేలిక కాదు, మంచం చుట్టూ ఆరుగురు నిలబడి ఉంటారు. భార్య తరఫున భర్త, కోడలి తరఫున అత్త జవాబు చెప్పేస్తుంటారు. సిస్టర్ల గదో, డ్రెస్సింగ్ రూమో పది నిమిషాలు అడగండి. లేదా అటెండెంట్‌ని రక్తపరీక్ష రిపోర్టు తెమ్మని పంపండి, అది ఎప్పుడూ అరగంట పని. 'మళ్ళీ చావాలనిపిస్తోందా?' అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. దాచుకున్నది దింపుకునే వీలు దొరుకుతుంది.

రెండు హెచ్చరికలు. పురుగుల మందు కేసులో ఆట్రోపిన్ నడుస్తున్న పేషెంట్ ఒళ్ళు కాలిపోతూ, నోరు ఎండిపోయి, గాల్లో ఏదో ఏరుకుంటుంటే సైకోసిస్ (మతిభ్రమణం) అని రాయకండి. ముందు డోసు ఎంత పోతోందో ఫిజీషియన్‌తో కలిసి చూడండి. రెండోది కొన్ని కలుపు మందుల కేసులు. మనిషి తెలివిగా, తప్పు చేశానని ఏడుస్తూ ఉంటాడు, లోపల అవయవాలు పాడవుతుంటాయి. అలాంటిచోట రోజూ వెళ్ళండి. అబద్ధపు ధైర్యం చెప్పకండి. వైద్యం చేస్తున్న డాక్టర్ ఇంటివాళ్ళకి నిజం చెప్పేటప్పుడు పక్కన కూర్చోండి. మందు రాయాల్సిన పని లేకపోయినా ఆ రౌండు మానకూడదు.

ఇంటికి పంపే ముందు ఇంట్లో పురుగుల మందు ఎక్కడ ఉందో అడిగి, దాన్ని వేరేచోట తాళం వేసి పెట్టే మనిషి పేరు కూడా రాసుకోండి. తర్వాత ఫోన్లు. చెన్నై ఒక కేంద్రంగా 5 దేశాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన అధ్యయనం 2008లో వచ్చింది. ఆస్పత్రిలో ఒక గంట మాట్లాడి, ఆ తర్వాత 18 నెలల్లో 9 సార్లు పలకరిస్తే, ఆత్మహత్య మరణాలు మామూలు వైద్యం అందిన గుంపులో 2.2 శాతం ఉండగా వీళ్ళలో 0.2 శాతమే ఉన్నాయి. పలకరింపుల వరుస ఇది: 1, 2, 4, 7, 11 వారాలకు, తర్వాత 4, 6, 12, 18 నెలలకు. దీనికి సైకియాట్రిస్టే అక్కర్లేదు, శిక్షణ పొందిన నర్సు చాలు. ఒక రిజిస్టర్, రీచార్జ్ ఉన్న ఒక ఫోన్ కావాలి. ఏ నంబరుకు చేయాలో, ఎవరెత్తితే ఏం చెప్పాలో పేషెంట్‌నే అడిగి రాసుకోండి. అత్తగారు ఎత్తితే 'సైకియాట్రీ నుంచి' అనకూడదు కదా. డిశ్చార్జ్ కాగితం మీద 14416 పెద్ద అక్షరాలతో రాయండి. అది టెలీ మానస్, 2022 అక్టోబర్ 10న మొదలైంది, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

5. రెండో ప్రోటోకాల్: మందు, కల్లు

ఏ వార్డులో చేరినా మొదటి రోజే ఒక ప్రశ్న పడాలి. 'తాగుతారా?' అంటే 'అప్పుడప్పుడు సార్' అన్న జవాబు అందరికీ కంఠతా వచ్చు. 'చివరిసారి ఎప్పుడు తాగారు, ఎంత?' అని అడగమనండి. ఆపాక 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్, 48 నుంచి 96 గంటల మధ్య డెలీరియం ట్రెమెన్స్ (మతి తప్పి వణికిపోయే ప్రమాదకర స్థితి) రావచ్చు. ఆపరేషన్ అయిన మూడో రాత్రి గొడవల రహస్యం ఇదే. గ్లూకోజ్ ఎక్కించే ముందు థయామిన్ (బి1 విటమిన్) ఇంజెక్షన్ పడాలి. వణుకు, ఫిట్స్ ఆపడానికి లివర్ దెబ్బతిన్నవాళ్ళకి లోరాజెపామ్ మేలు. పేషెంట్ అరుస్తున్నాడని ఒక్క హాలోపెరిడాల్ (సైకోసిస్‌కి వాడే మందు) ఇచ్చి ఊరుకోవడం ప్రమాదం, ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. మద్యం ఆపాక వచ్చే లక్షణాల తీవ్రతను కొలిచే సీవా స్కేలును సిస్టర్లకు నేర్పండి. జవాబు చెప్పలేని పేషెంట్‌లో అది పనికిరాదని కూడా చెప్పండి.

తెలంగాణలో పనిచేసేవాళ్ళు కల్లు గురించి విడిగా అడగాలి. చాలామంది లెక్కలో కల్లు 'తాగుడు' కిందకి రాదు, ఆడవాళ్ళు, ముసలివాళ్ళు కూడా తాగుతారు. ఆల్ప్రజోలామ్, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు అలవాటైన మనిషి హఠాత్తుగా మానేస్తే ఫిట్స్, పిచ్చి చూపులు, మెలికలు తిరగడం కనిపిస్తాయి. కల్లు దుకాణాల మీద దాడులు జరిగిన వారాల్లో క్యాజువాలిటీలో ఈ కేసులు పెరుగుతాయి, స్థానిక పేపర్ మీద ఒక కన్నేసి ఉంచండి.

6. మూడోది: డెలీరియం

'డిప్రెషన్' అని వచ్చే కాల్స్‌లో కొన్ని డిప్రెషన్ కాదు. ముసలాయన రెండు రోజులుగా అన్నం ముట్టడు, మాట్లాడడు, గోడ వైపు తిరిగి పడుకుంటాడు. పొద్దున బాగానే ఉండి సాయంత్రానికి మారిపోతుంటే అది చప్పుడు చేయని డెలీరియం (ఒంట్లో జబ్బు వల్ల హఠాత్తుగా మతి తప్పడం) కావచ్చు. అరిచే పేషెంట్ కోసం అందరూ పరిగెత్తుకొస్తారు, ఈయన గురించి ఎవరూ పిలవరు. డెలీరియం పట్టుకునే ఫోర్ ఏటీ అనే పరీక్ష రెండు నిమిషాల పని, సిస్టర్లు కూడా చేయగలరు. అందులో నెలల పేర్లు వెనక నుంచి చెప్పమని ఉంటుంది. చదువుకోని పెద్దవాళ్ళకి అది బడి పరీక్షలా ఉంటుంది. నేనైతే వారాల పేర్లు అడుగుతాను.

కారణం వెతకండి: సోడియం, ఇన్ఫెక్షన్, మూత్రం ఆగిపోవడం, మలబద్ధకం, లివర్, కొత్తగా మొదలైన మందు. టీబీ వార్డులో అయితే ఐసోనియాజిడ్, సైక్లోసెరిన్ కూడా మతి తప్పించగలవు. వైద్యంలో సగం భాగం మందుల షాపులో దొరకదు. కళ్ళద్దాలు, వినికిడి మిషన్ ఇంటి నుంచి తెప్పించడం, రాత్రి లైటు తగ్గించడం, తెలిసిన మనిషి పక్కన ఉండటం. విజిటింగ్ అవర్స్ అయిపోయాయని మనవడిని బయటికి పంపించేయకుండా సెక్యూరిటీకి ఒక చీటీ రాసివ్వండి.

కట్టేయడం గురించి. గాజుగుడ్డతో చేతులు మంచానికి కట్టడం మన వార్డుల్లో అతి మామూలు దృశ్యం. 2017 చట్టం గొలుసులు పూర్తిగా నిషేధించింది. కట్టడం కూడా అప్పటికప్పుడు జరగబోయే హాని ఆపడానికి వేరే దారి లేనప్పుడే, అవసరమైనంతసేపే, రాతపూర్వకంగా కారణం రాసి, చూస్తున్న సైకియాట్రిస్టు అనుమతితోనే. ఈ నియమాన్ని ఒక పేజీ చేసి ప్రతి నర్సింగ్ స్టేషన్‌లో అంటించండి.

7. సైకియాట్రిస్టు లేని రాత్రి

అదే చట్టంలోని 94వ సెక్షన్ చాలామంది డ్యూటీ డాక్టర్లకు తెలియదు. ప్రాణం పోయే, తనకో ఇతరులకో తీవ్ర హాని జరిగే పరిస్థితిలో, రిజిస్టర్డ్ డాక్టర్ ఎవరైనా, నామినేటెడ్ ప్రతినిధి (పేషెంట్ తరఫున నిర్ణయం చెప్పే మనిషి) అందుబాటులో ఉంటే వాళ్ళ సమ్మతితో, అత్యవసర వైద్యం ఇవ్వొచ్చు. గడువు 72 గంటలు. ఆ లోపు మానసిక వైద్యశాలలో పరీక్ష జరిగితే అక్కడితో సరి. ఈ పేరుతో షాక్ ట్రీట్‌మెంట్ ఇవ్వకూడదు. ఇది తెలియకే రాత్రి 2 గంటలకు పేషెంట్‌ని నేరుగా ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికో, విశాఖకో రాసేసి 108 ఎక్కిస్తారు. దారిలో ఫిట్స్ వస్తే? జ్వరం వల్ల వచ్చిన డెలీరియం అయితే? షుగర్ చూడకుండా, ఒకసారి ఫోన్ చేయకుండా రిఫర్ చేయకూడదని ఆర్డరులోనే రాయించండి.

మందుల సంగతి. లోరాజెపామ్ ఇంజెక్షన్ ఫ్రిజ్‌లో ఉండాలి. ఫార్మసీలో ఉందంటారు, కానీ ఫార్మసీకి రాత్రి తాళం. ఏఎంసీ ఫ్రిజ్‌లో కొన్ని ఆంప్యూల్స్, లెక్క రాసే రిజిస్టర్, తాళం చెవి ఎవరి దగ్గరుందో తెలిసిన సిస్టర్. ఈ మూడూ చూసుకోకపోతే ప్రోటోకాల్ కాగితం మీదే ఉంటుంది.

8. నేర్పడం, లెక్క చూపడం

రోజంతా వర్క్‌షాప్ పెట్టి భోజనం పెడితే గ్రూప్ ఫొటో బాగుంటుంది. షిఫ్ట్ మారేటప్పుడు పావుగంట, ఒక్క అంశం, ఆ వార్డులో ఆ రోజున్న పేషెంట్ మీదే చెబితే గుర్తుంటుంది. హౌస్ సర్జన్లకు ప్రతి బ్యాచ్‌కీ మళ్ళీ చెప్పాలి, విసుగొచ్చినా సరే.

లెక్కలు మొదటి రోజు నుంచే రాయండి. వచ్చిన కాల్స్, ఎంతసేపట్లో వెళ్ళారు, ఆత్మహత్యాయత్నం కేసుల్లో ఎంతమందిని డిశ్చార్జ్ కాకముందు చూశారు, ఎంతమందికి ఫోన్ అందింది, ఎంతమంది లామా అయ్యారు. బర్మింగ్‌హామ్ సిటీ హాస్పిటల్‌లో 2009లో మొదలైన రెయిడ్ అనే లయజన్ సేవ ఆదా చేసిందని తేలింది. ఆ ఆదాలో ఎక్కువ భాగం వృద్ధుల పడకలు త్వరగా ఖాళీ కావడం వల్లే వచ్చింది. మీ ఆస్పత్రి అభివృద్ధి సొసైటీ మీటింగుకి వెళ్ళినప్పుడు కూడా పడకల భాషలోనే మాట్లాడండి. ఆర్థోలో తాగుడు ఆగిన పేషెంట్ మొదటి రోజే దొరికితే ఎన్ని రోజులు ముందు ఇంటికి వెళ్ళాడో చూపండి. కలెక్టర్ గారు ఆ అంకె వింటారు, 'మానసిక ఆరోగ్యం ఎంతో ముఖ్యం' అన్న స్లైడ్‌కి తల ఊపి తర్వాతి అంశానికి వెళ్తారు.

ఆరు నెలల తర్వాత రెండో దశ: డయాలసిస్, కాన్పుల వార్డు, కాలిన గాయాల వార్డు, క్యాన్సర్. వీటిల్లో కాల్ కోసం ఎదురుచూడకుండా వారానికో రోజు మీరే రౌండుకి వెళ్ళండి. కాన్పుల వార్డులో మాత్రం ఆగకండి. బాలింత నిద్రపోవడం లేదు, తేడాగా మాట్లాడుతోంది అంటే అది మొదటి దశలోనే క్యాజువాలిటీ కాల్‌తో సమానం.

ఇక సెలవులు. సంక్రాంతికో దసరాకో మీరు ఊరెళ్తే ఫోన్ ఎవరి దగ్గర ఉంటుందో ఆ నెల మొదట్లోనే రాసి క్యాజువాలిటీ గోడకు అంటించండి. ఆ మనిషి ఒప్పుకున్నట్టు పక్కన సంతకం కూడా పెట్టించండి.